చైనా యాత్ర: జీకే పుస్తకం పక్కన పెట్టి చూస్తే

చైనా అనగానే మనలో చాలామందికి చిన్నప్పటి జనరల్ నాలెడ్జ్ పుస్తకమే గుర్తొస్తుంది. మహాకుడ్యం చంద్రుడి మీద నుంచి కనిపిస్తుంది, దాన్ని మొదటి చక్రవర్తి కట్టించాడు, రాజప్రాసాదంలో 9,999 గదులున్నాయి, చైనాలో అందరూ అన్నమే తింటారు. మా అన్నయ్య, వదినలతో కలిసి బీజింగ్, షియాన్, గ్వాంగ్‌జౌ తిరిగొచ్చాక నాకు గట్టిగా అనిపించిందేమిటంటే, ఎక్కడ ఎక్కువ సమయం ఇవ్వాలో, దేనికి డబ్బు పెట్టాలో తేల్చుకోవాలంటే ముందు ఈ విషయాల్లో నిజమెంతో తెలుసుకోవాలి.

ముందు గోడ సంగతి. చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందన్న మాట మనిషి అంతరిక్షంలోకి వెళ్ళకముందు నుంచే ప్రచారంలో ఉంది. 2003లో అంతరిక్షంలోకి వెళ్ళొచ్చిన తొలి చైనా వ్యోమగామి యాంగ్ లీవే తనకు గోడ కనబడలేదని చెప్పేశాడు. గోడ ఎంత పొడవున్నా వెడల్పు కొన్ని మీటర్లే కదా, పైగా రంగు చుట్టూ ఉన్న కొండల రంగే. ఇక మనం ఫొటోల్లో చూసే ఇటుక గోడ మొదటి చక్రవర్తి చిన్ షీ హువాంగ్ నాటిది కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆయన కట్టించినది ఎక్కువగా దిమ్మిస కొట్టిన మట్టి గోడ, అది చాలావరకు ఇంకా ఉత్తరాన ఉండేది. బీజింగ్ దగ్గరున్నవి మింగ్ వంశం వాళ్ళు కట్టించినవి. 21,196 కిలోమీటర్లన్న అంకె కూడా అన్ని రాజవంశాల గోడలూ కలిపి 2012లో ప్రకటించిన లెక్క.

గోడ ఎక్కే చోట్లలో బాదాలింగ్‌కి రైలు సౌకర్యం ఉంది, కానీ జనం విపరీతం. మేం ముతియాన్‌యు వెళ్ళాం, బీజింగ్ నుంచి 70 కిలోమీటర్లు. 16వ శతాబ్దంలో సేనాని చీ జీగ్వాంగ్ హయాంలో గట్టిపరిచిన గోడ ఇది. మామూలుగా శత్రువు వచ్చే వైపే పళ్ళలాంటి పిట్టగోడ ఉంటుంది, ఇక్కడ రెండు వైపులా ఉంది. రోప్‌వే ఎక్కితే 14వ బురుజు దగ్గర దింపుతారు. అక్కడి నుంచి 20వ బురుజు వైపు నడిస్తే జనం పలచబడతారు. మెట్లు ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. వదిన మోకాళ్ళ నొప్పితోనే 18 దాకా వచ్చింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను దీన్నే చెబుతాను, బాదాలింగ్ కాదు.

బీజింగ్‌లోని రాజప్రాసాదం 1420లో పూర్తయింది. 9,999 గదుల కథ గైడ్లు ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. నిజానికి అక్కడివాళ్ళు లెక్కపెట్టేది గదుల్ని కాదు, నాలుగు స్తంభాల మధ్య ఉండే జాగాని. ఆ లెక్కన చూసినా సర్వేలో తేలింది 8,700 పైచిలుకే. టికెట్ పాస్‌పోర్టు నంబరుతో ముందే బుక్ చేసుకోవాలి, సోమవారం సెలవు. దక్షిణ ద్వారం నుంచే లోపలికి పంపిస్తారు. చూడాల్సిందే, కానీ సగం రోజు చాలు.

డబ్బు, ఫోన్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ ఫోన్‌తో డబ్బు కట్టే అలీపే యాప్‌కి మన వీసా, మాస్టర్ కార్డులు జతచేసుకోవచ్చు. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి 3 శాతం అదనంగా పడుతుంది కాబట్టి చిన్న చిన్న మొత్తాలుగా కట్టడం మేలు. గూగుల్, వాట్సాప్ అక్కడి సిమ్‌తో పనిచేయవు. మన నంబరు మీద రోమింగ్ తీసుకుంటే టెన్షన్ ఉండదు. హోటల్ బుక్ చేసేముందు విదేశీయుల్ని తీసుకుంటారో లేదో రాసి అడగండి. మేం ముందే డబ్బు కట్టిన ఒక చిన్న హోటల్‌లో రాత్రి పదింటికి పాస్‌పోర్టులు చూసి, రూమ్ ఇవ్వడం కుదరదనేశారు. సామానుతో వీధుల్లో తిరిగి వేరేచోట దిగాల్సొచ్చింది.

ఈ యాత్రకి ప్రాణం షియాన్. బీజింగ్ నుంచి 1,200 కిలోమీటర్ల దూరం, వేగం రైలు నాలుగున్నర గంటల్లో చేర్చేసింది. పాస్‌పోర్టే టికెట్. గంట గోపురం దగ్గర, కోట లోపల దిగండి, అన్నిటికీ నడిచి వెళ్ళొచ్చు. రోడ్డు వైపు గది మాత్రం వద్దు, రాత్రంతా హారన్లే.

చైనా అంటే అన్నం అనుకునేవాళ్ళకి ఇక్కడే అసలు పాఠం. ఊరికి దక్షిణంగా చిన్‌లింగ్ పర్వతాలున్నాయి. ఆ పర్వతాలు, తూర్పున హ్వై నది కలిపి గీసిన గీతే చైనాని ఉత్తర, దక్షిణాలుగా విడదీస్తుంది. గీతకి దక్షిణాన ఏడాదికి 800 మిల్లీమీటర్లకి మించి వాన పడుతుంది, వరి పండుతుంది. ఉత్తరాన గోధుమ. షియాన్ గీతకి ఉత్తరాన ఉంది కాబట్టి మెనూలో అన్నం వెతుక్కోవాల్సిందే. బదులుగా బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ ఉన్నాయి. వంటాయన పిండిని రెండు చేతులా లాగి బల్ల మీద చరుస్తాడు, నడుం బెల్టంత వెడల్పు పట్టీ అవుతుంది. ఉడికించి గిన్నెలో వేసి, పైన కారప్పొడి, తరిగిన వెల్లుల్లి పెట్టి, పొగలు కక్కే నూనె గరిటెతో పోస్తాడు. చుయ్యిమన్న ఆ చప్పుడుకి, ఆ ఘాటుకి అన్నయ్య మొహం వెలిగిపోయింది. శాకాహారులు మాంసం వద్దని ఫోన్‌లో రాసి చూపిస్తే అర్థం చేసుకుంటారు. లియాంగ్‌పీ అనే చల్లని పట్టీలు కూడా బాగున్నాయి, వెనిగర్, మిరప నూనెతో కలుపుతారు.

చిన్ షీ హువాంగ్ సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైనికుల దగ్గరికి మెట్రో, బస్సు పట్టుకుని సొంతంగా వెళ్ళండి. మేం కారు మాట్లాడుకుంటే డ్రైవరు దారిలో బొమ్మల కొట్టు ముందు ఆపి కదలనివ్వలేదు. 1974లో బావి తవ్వుతున్న రైతులకి దొరికిన చోటు ఇది. ప్రతి ముఖం వేరే సైనికుడి ముఖమే అంటారు గానీ, అవయవాలు అచ్చుల్లో పోసి, ఆపైన మట్టితో కళ్ళు, మీసాలు విడివిడిగా తీర్చారన్నది పండితులు ఎక్కువగా చెప్పే మాట. చక్రవర్తి సమాధిని అసలు తెరవనే లేదు. లోపల పాదరసం నదులున్నాయని ఆయన చనిపోయిన వంద ఏళ్ళకి చరిత్రకారుడు సీమా చియాన్ రాశాడు. గుట్ట మట్టిలో పాదరసం ఎక్కువుందని పరీక్షల్లో తేలింది కాబట్టి దాన్ని కట్టుకథ అని కొట్టిపారేయలేం. అదే టికెట్ మీద ఉచిత బస్సులో కంచు రథాల మ్యూజియంకి వెళ్ళొచ్చు. చాలామంది వదిలేసి వచ్చేస్తున్నారు, నాకైతే మొదటి గుంట కంటే అదే ఎక్కువ నచ్చింది.

షియాన్ కోటగోడ 13.7 కిలోమీటర్లు, దక్షిణ ద్వారం మీద సైకిళ్ళు అద్దెకిస్తారు. ఇది తాంగ్ రాజుల కోట అనుకుంటారు, కాదు, 1370ల నాటి మింగ్ గోడ. తాంగ్‌ల చాంగాన్ నగరం సుమారు 84 చదరపు కిలోమీటర్లు, ఈ గోడ చుట్టినది అందులో దాదాపు ఏడో వంతే. అందుకే తాంగ్ కాలపు పెద్ద హంస గోపురం గోడకి చాలా బయట ఉంది. ఇండియా నుంచి తెచ్చిన గ్రంథాల కోసం హ్యూయాన్‌త్సాంగ్ 652లో మొదలుపెట్టిన గోపురం అది. మొదట అయిదు అంతస్తులు, తర్వాత పెంచారు, భూకంపాలకి దెబ్బతిని ఇప్పుడు ఏడున్నాయి. మన వేంగి, ధాన్యకటకం చూసి రాసిపెట్టిన మనిషి కూర్చుని అనువాదాలు చేసిన ఆవరణలో నిలబడితే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక్కడ తొందరపడకండి.

గ్వాంగ్‌జౌ మాకు తిరుగు ప్రయాణంలో మజిలీ. మెట్రోలో ప్రకటన మొదట మాండరిన్‌లో, తర్వాత అక్కడి స్థానిక భాష కాంటనీస్‌లో వస్తుంది, మాండరిన్ మాత్రమే తెలిసినవాళ్ళకి రెండోది అర్థం కాదు. ఒక్క ఓటు తేడాతో కాంటనీస్ జాతీయ భాష కాకుండా పోయిందని అక్కడ మాతో ఒకాయన నమ్మకంగా అన్నాడు. 1913లో బీజింగ్‌లో ఉచ్చారణల మీద సమావేశం జరిగిన మాట నిజం, ఓట్లు వేసిన మాటా నిజం. కానీ ఓటు ఒక్కొక్క అక్షరాన్ని ఎలా పలకాలన్న దాని మీద, ఏ భాష కావాలన్న దాని మీద కాదు. ఊరు పచ్చగా ఉంది, అన్నం దొరుకుతుంది, 1894 నాటి చెన్ వంశస్థుల భవనం చెక్క పనితనం చూడదగ్గది. సమయం తక్కువైతే మాత్రం ఈ ఊరే వదులుకుని ఆ రోజులు షియాన్‌కి కలపండి. రైలు టికెట్ కంటే ముందు షియాన్‌లోని షాన్షీ చరిత్ర మ్యూజియం స్లాట్ పట్టుకోండి, ఉచిత టికెట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి.