పాత హారర్ పోస్టర్ల సెట్: గీసినవాళ్లకు దండం, ప్రింటు వేసినవాళ్లకు అత్తెసరు మార్కులు

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రీప్రింట్ సెట్ ఇది. నాలుగు పోస్టర్లు, ఒక్కోటి 24 x 36 అంగుళాలు. అక్షరాలు రాయడం నా వృత్తి. అందుకే ఏ పోస్టర్ చూసినా నా కన్ను ముందు టైటిల్ మీద పడుతుంది, దెయ్యం తర్వాతే.

డబ్బు పెట్టింది ‘ది మమ్మీ’ (1932) కోసం. యూనివర్సల్ స్టూడియోలో పోస్టర్ల పని చూసిన కరోలీ గ్రోస్ పేరు మీద చెలామణి అయ్యే బొమ్మ. సినిమా బ్లాక్ అండ్ వైట్, పోస్టర్ మాత్రం రంగుల జాతర. వెనకాల ఒళ్లంతా కట్లతో మమ్మీ వేషం వేసిన నటుడు బోరిస్ కార్లాఫ్, ముందు ఎర్ర గౌనులో హీరోయిన్ జీటా జోహాన్. నిజానికి ఆ కట్ల వేషం సినిమా మొదట్లో కాసేపే కనిపిస్తుంది. అయినా జనం టికెట్ కొనేది దానికే అని గీసినాయనకు బాగా తెలుసు. పోస్టర్ మీద బోరిస్ అని కూడా రాయలేదు, ఉత్త ‘కార్లాఫ్’. ఆ ఒక్క పేరే హాలు నింపే రోజులవి. దీని ఒరిజినల్ 1997 వేలంలో 4,53,500 డాలర్లు పలికింది.

ఇక మనకొచ్చిన కాపీ సంగతి. అప్పట్లో స్టోన్ లితోగ్రఫీ, అంటే రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చు వేసే పద్ధతి: ఒక్కో రంగు విడిగా, ఒకదాని మీద ఒకటి అచ్చయ్యేది. నీడలున్న చోట క్రేయాన్‌తో రుద్దినట్టు గరుకు కనిపించాలి. ఇందులో భూతద్దం పెట్టి చూస్తే అన్నీ చుక్కలే. పైగా గ్లాసీ పేపర్. లైటు వేస్తే మమ్మీ ముఖం బదులు నా ముఖం కనిపిస్తోంది. (ఎక్కువ భయం దేనికో చెప్పలేను.)

ఒరిజినల్ సైజు 27 x 41. దాన్ని 24 x 36లో ఇరికించడానికి చుట్టూ ఉండే తెల్ల అంచు కోసేశారు. దాంతో కింది అక్షరాలు కాగితం చివరకు ఆనుకున్నాయి. ఫ్రేమ్ కడితే ఇంకాస్త లోపలికి పోతాయి. ఆ రోజుల్లో పోస్టర్లను మడతపెట్టి థియేటర్లకు పంపేవారు, పాతవాటికి మడత గీతలుంటాయి. వీళ్లు ఆ గీతలతో సహా స్కాన్ చేసి అచ్చేశారు! మడతే పడని కాగితం మీద మడత బొమ్మ.

‘అటాక్ ఆఫ్ ది 50 ఫుట్ ఉమన్’ (1958) పర్వాలేదు. రోడ్డుకు అటో కాలు ఇటో కాలు వేసి, కారును చేత్తో ఎత్తిన ఆమెను రేనాల్డ్ బ్రౌన్ గీశాడు. సినిమాలో అలాంటి సీను ఉండదు. ఇంత దర్జాగా అబద్ధం చెప్పే బొమ్మ నాకు ఇంకోటి తెలియదు.

‘రోజ్‌మేరీస్ బేబీ’ (1968) చూస్తే ఏడుపొచ్చింది. ఆకుపచ్చ రంగులో ముఖం, ముందు బండల మీద నల్లగా పిల్లల బండి, అంతే. ఆ పచ్చదనం చీకట్లోకి మెల్లగా జారిపోవాలి, ఇక్కడ చారలు చారలుగా తెగిపోయింది. ‘ఏలియన్’ సినిమా పోస్టర్ పనిలోనూ పాలుపంచుకున్న ఫిలిప్ గిప్స్ డిజైన్‌కు ఈ గతి.

‘ఎక్సార్సిస్ట్’ (1973) ఒక్కటే బాగా వచ్చింది. బిల్ గోల్డ్ డిజైన్. కిటికీలోంచి పడే వెలుగు, వీధి దీపం కింద టోపీ మనిషి నీడ. నలుపు చక్కగా చిక్కగా పడింది.

ప్యాకింగ్‌కు వంక పెట్టలేం, గట్టి ట్యూబులో నలగకుండా వచ్చాయి. మ్యాట్ పేపర్ మీద దొరుకుతుందా అని అడిగితే ‘గ్లాసీ అయితేనే రంగులు బాగుంటాయి సర్’ అన్నారు. దూరం నుంచి చూసి మురిసిపోయేవాళ్లు కొనుక్కోవచ్చు. దగ్గరికెళ్లి చూసే జబ్బుంటే ‘ఎక్సార్సిస్ట్’ విడిగా అమ్ముతారేమో అడగండి.