గళ్ళ ఫ్లెక్స్ బోర్డు: ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కొనొచ్చా?

ఒడిశాలో రాయగడ, గుణుపూర్ వైపు స్టేషనరీ షాపుల్లో చుట్టచుట్టి అమ్మే గ్రాఫ్ బోర్డు ఇది. 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. 5 సెంటీమీటర్ల గళ్ళు అడ్డంగా 24, నిలువుగా 18. పైన లామినేషన్ ఉంది కాబట్టి వైట్‌బోర్డు మార్కరుతో రాసి తుడిచేయొచ్చు. సరుకు గట్టిదే. చిక్కల్లా అక్షాల (అడ్డం, నిలువు కొలత గీతల) దగ్గర.

వాటిని సరిగ్గా నడిమధ్యన అచ్చేశారు. రుణసంఖ్యల్ని గ్రాఫులో గుర్తించే పెద్ద తరగతులకు అది సరే. కమ్మీ చిత్రాలకు (బార్ గ్రాఫులకు) మాత్రం కుడివైపు పై భాగమే పనికొస్తుంది, అంటే 12 గళ్ళ వెడల్పు, 9 గళ్ళ ఎత్తు. కమ్మీకో గడి, ఖాళీకో గడి వదిలితే ఆరు కమ్మీలతో సరి. పన్నెండు నెలల వాన పట్టదు. పోనీ ఎడమ కింది మూల నుంచి కొత్త అక్షాలు గీద్దామంటే, అక్కడ అచ్చైన మైనస్ 12, మైనస్ 9 చూసి పిల్లలు తికమకపడతారు. తెల్లకాగితం పట్టీ అంటించి మూసేయాల్సిందే.

ఒక మేలుంది. అంకెలు గడి మధ్యలో కాకుండా గీతల మీదే ఉన్నాయి. నోటుబుక్కులో పిల్లలు మొట్టమొదట తప్పేది ఇక్కడే. గడికి 10 చొప్పున తీసుకుని, 10ని గడి మధ్యలో రాసి, కమ్మీని ఆ గడి పై గీత దాకా లేపుతారు. 10 గడి మధ్యలో ఉంటే, అర గడి పైనున్న ఆ గీత 15. బోర్డు చూపిస్తే నిమిషంలో దిద్దుకుంటారు.

ఇంకో తప్పుకు బోర్డు సాయం చేయదు, మనమే గీసి చూపాలి. 62, 68 మార్కుల్ని 60 నుంచి, గడికి 1 చొప్పున మొదలుపెడితే ఒక కమ్మీ 2 గళ్ళు, ఇంకోటి 8. నాలుగు రెట్లు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది! అవే మార్కుల్ని పక్కనే సున్నా నుంచి, గడికి 10 చొప్పున గీస్తే రెండూ ఇంచుమించు ఒకే ఎత్తు.

గీత గ్రాఫుకు బోర్డు బాగా నప్పుతుంది. కాకపోతే రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి జనాభా చుక్కల్నీ పిల్లలు గీతతో కలిపేస్తారు. ఊరికీ ఊరికీ మధ్య విలువంటూ ఏమీ ఉండదు. గంటగంటకూ తీసిన ఉష్ణోగ్రతలైతే కలపొచ్చు.

సెట్‌తో ఇచ్చే ప్లాస్టిక్ వృత్తలేఖిని (కంపాస్) దండగ. నున్నటి ఫ్లెక్స్ మీద జారిపోతుంది. వృత్తాన్ని ముక్కలుగా విడగొట్టి చూపే పై చార్టుకు గుండ్రటి అట్టముక్క, కోణమాని చాలు. రోజు 24 గంటలతో మొదలుపెడితే గంటకు 15 డిగ్రీలు: నిద్ర 8 గంటలకు 120, బడి 6 గంటలకు 90. శాతాల దగ్గరికొచ్చేసరికి 25 శాతాన్ని 25 డిగ్రీలుగా కొలిచేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఒక శాతానికి 3.6 డిగ్రీలని ముందే చెప్పాలి.

బోర్డు మీద మాటలేవీ అచ్చేయకపోవడం మన వైపు కలిసొచ్చింది. బడిలో ఒడియా చదివే పిల్లలకు స్తంభలేఖ అనొచ్చు, తెలుగువాళ్ళకు కమ్మీ చిత్రం అనొచ్చు.

రాసింది రాత్రంతా ఉంచితే మరక పడుతుంది. దాని మీదే మళ్ళీ మార్కరు రుద్ది, ఆరకముందే తుడవాలి. అడుగున కర్ర లేక కిందంచు పైకి చుట్టుకుంటుంది, వెదురుబద్ద కుట్టించుకోవాలి. ఇన్ని మరమ్మతులెందుకు అనుకుంటే, ఫ్లెక్స్ ప్రింటింగ్ వాళ్ళ దగ్గర అక్షాలూ అంకెలూ లేకుండా ఒట్టి గళ్ళే వేయించుకోండి. మెరుపు లేని లామినేషన్ మీద మార్కరు సరిగ్గా చెరగదు, కాబట్టి మెరుపున్నదే వేయించి, ట్యూబులైటు వెలుగు నేరుగా పడని చోట తగిలించండి, లేకపోతే వెనక బెంచీలకు ఏమీ కనిపించదు.