ఎలుకల మందు: బ్రోమాడియోలోన్ మేలా, విటమిన్ డి3 మేలా?

రెండూ తిన్న వెంటనే చంపవు, కొన్ని రోజులు పడుతుంది, కానీ ఎలుక ఒంట్లో జరిగేది పూర్తిగా వేరు. బ్రోమాడియోలోన్ మన వరి రైతులకి తెలిసిందే, నూకల్లో నూనెతో కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో పెడతారు. అది కాలేయంలో విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది, రక్తం గడ్డకట్టక లోపల్లోపలే కారిపోతుంది.

డి3 కథే వేరు. ఎముకల కోసం మనం వేసుకునే కొలికాల్సిఫెరాలే ఇది, ఎరలో 0.075 శాతం ఉంటే చాలు. పేగులు కాల్షియంని అతిగా లాగేస్తాయి, ఎముకల్లోంచీ అది బయటికొస్తుంది, చివరికి ఫాస్ఫేట్‌తో కలిసి మూత్రపిండాల సన్నని నాళికల్లో, బృహద్ధమని గోడలో, గుండె కండరంలో, కడుపు లోపలి పొరలో, ఊపిరితిత్తుల్లో కూడా పేరుకుంటుంది. ఆ కిడ్నీ ముక్కకి, కాల్షియం పేరుకున్న చోటుని చూపించే వాన్ కోసా రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే మచ్చలు నల్లగా తేలతాయి, విటమిన్ కదా ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లు ఒక్కసారి చూడాలి.

డి3 తిన్న ఎలుకకి ఆకలి చచ్చిపోతుంది కాబట్టి ఎర వృథా కాదు. బ్రోమాడియోలోన్ కాలేయంలో చాలాకాలం నిలుస్తుంది, ఆ ఎలుకని తిన్న గుడ్లగూబకీ ముప్పే, ఈ విషయంలో డి3 నయం.

కానీ ఇంట్లో కుక్క ఉంటే నేను డి3 జోలికే వెళ్లొద్దంటాను. బ్రోమాడియోలోన్‌కి విటమిన్ కె1 విరుగుడు ఉంది, డి3కి నేరుగా పనిచేసే విరుగుడు లేదు, సెలైన్, ఎముకల్లోంచి కాల్షియం రాకుండా ఆపే పామిడ్రోనేట్ అనే మందు ఎక్కిస్తూ కాల్షియం దిగేదాకా రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాల్సిందే.