డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: కొటేషన్‌లో రాయని ఖర్చులు

ఖమ్మంలో మా ఇంటి మీద పెట్టించిన సోలార్ బాగానే పనిచేస్తోంది. ఎండ బాగా కాసిన రోజు సుమారు 12 యూనిట్లు వస్తున్నాయి, కరెంటు బిల్లు బాగా తగ్గింది. పీఎం సూర్యఘర్ పథకం కింద ఈ సైజుకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. కాకపోతే అది బిగింపు, నెట్ మీటర్ (మనం వాడిన కరెంటును, బయటికి పంపిన కరెంటును రెంటినీ లెక్కించే మీటరు) అన్నీ పూర్తయ్యాకే మన ఖాతాలో పడుతుంది. అందాకా ఆ డబ్బు మనమే సర్దుకోవాలి.

అసలు ఖర్చు ప్యానెళ్లు బిగించే స్టాండ్‌తో మొదలైంది. కొటేషన్‌లో ఉన్నది నేలకు ఆనుకునే పొట్టి స్టాండు. అలా పెడితే వడియాలు పెట్టుకోవడానికి, మిరపకాయలు ఎండబోసుకోవడానికి డాబా మీద జాగా ఉండదు. మనిషి కింద నడిచేంత ఎత్తు కావాలంటే "ఇనుము, వెల్డింగు ఎక్స్‌ట్రా అవుతుందమ్మా" అన్నారు. సరేనని కట్టాం. ఇప్పుడు అంత ఎత్తులో ఉన్న ప్యానెళ్లు తుడవాలంటే నిచ్చెన కావాలి, ఎక్కే మనిషి కావాలి, వచ్చినప్పుడల్లా అతనికి కూలి ఇవ్వాలి. దుమ్ము పేరుకుంటే యూనిట్లు తగ్గుతాయి కాబట్టి వదిలేయలేం. బోరు నీళ్లతో కడిగితే అద్దం మీద తెల్లటి ఉప్పు మరకలు కడతాయి. అందుకే నల్లా నీళ్లు పట్టి ఉంచి, అద్దం వేడెక్కకముందే పొద్దున్నే కడిగిస్తున్నాం.

అందరికీ గట్టిగా చెప్పాలనుకున్నది మాత్రం కరెంటు కోత గురించి. మే నెల మిట్టమధ్యాహ్నం, పైన ఎండ మండిపోతోంది, లైన్‌లో కరెంటు పోయింది. ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) మీద ఎర్ర లైటు వెలిగింది, ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. బ్యాటరీ లేని మామూలు సోలార్ ఇలాగే ఆగిపోతుంది. లైన్‌లో కరెంటు లేనప్పుడు మన సోలార్ కరెంటు వీధి తీగల్లోకి వెళ్తే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ప్రమాదం, అందుకే అలా తయారు చేస్తారు. అది న్యాయమే. కానీ అమ్మేటప్పుడు ఈ ముక్క ఎందుకు చెప్పరు? ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్నవాళ్లు కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుందనే ఆశతోనే కదా డబ్బు పెడతారు! అలా తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (బ్యాటరీలతో కూడా పనిచేసే రకం), బ్యాటరీలు కావాలి. ఖర్చు చాలా పెరుగుతుంది, పైగా బ్యాటరీలు కొన్నేళ్లకు మార్చాల్సిందే.

ఇన్వర్టర్‌దీ ఇదే కథ. ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఇన్వర్టర్‌కు మామూలుగా అందులో సగం కూడా ఉండదు. ఈలోపు ఇంకొకటి కొనాల్సి వస్తుందని లెక్కలో వేసుకోండి.

ఏసీలు వాడుతూ ఎండాకాలం బిల్లుకు భయపడే ఇంటికి పెట్టించుకోమనే చెబుతాను. స్టాండ్ ఎత్తు, ప్యానెళ్లు కడగడానికి నీళ్ల పైపు, ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. నెలకు 100 యూనిట్లు కూడా కాల్చని ఇల్లయితే తొందరపడొద్దు, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.