నా వాటా స్టేడియం చూసొచ్చాను

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో మావాడు ఉప్పు డబ్బా, కారం డబ్బా, పోపుల పెట్టె పెట్టి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అర్థమైందనే అన్నాను. నాది అకౌంట్స్ ఉద్యోగం. ఉండేది లండన్‌లో, ఈస్ట్ హామ్‌లో. కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) కట్టేది న్యూహామ్ కౌన్సిల్‌కి. అంచేత స్ట్రాట్‌ఫర్డ్‌లో జనం డబ్బుతో కట్టి, వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్‌కి అద్దెకిచ్చిన లండన్ స్టేడియంలో నాకూ ఓ కుర్చీ కాలో, రెండు మేకులో వాటా ఉన్నట్టే లెక్క. 2023 డిసెంబర్ 23న వెస్ట్ హామ్, మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌కి మా పదకొండేళ్లవాణ్ణి వెంటపెట్టుకుని నా ఆస్తి చూసుకోవడానికి వెళ్లాను. టికెట్ల ధర మాత్రం ఇక్కడ రాయను. మా ఆయన ఇది చదువుతారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆట. ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే తర్వాతి స్టేషన్ అప్టన్ పార్క్. వెస్ట్ హామ్ క్లబ్ పాత మైదానం బొలీన్ గ్రౌండ్ ఉండేది అక్కడే. 2016 మే దాకా శనివారాలొస్తే గ్రీన్ స్ట్రీట్‌లో చీరల షాపుల ముందు మెరూన్ చొక్కాల జనం. నేను మొదటిసారి అక్కడ పట్టుచీరకి ఫాల్ కుట్టించుకోవడానికి వెళ్లి ఆ గుంపులో ఇరుక్కుని, ఏదో ఊరేగింపు అనుకున్నాను. ఇప్పుడు మైదానం లేదు, 800 పైగా ఫ్లాట్లు లేచాయి. తర్వాత ప్లైస్టో, ఆ తర్వాత వెస్ట్ హామ్. వెస్ట్ హామ్ టీమ్ ఆట చూడాలంటే వెస్ట్ హామ్‌లో దిగకూడదు, అక్కడ రైలు మారి స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లాలి. ఈ తికమకకి మాత్రం ఏ రాజకీయ నాయకుడూ కారణం కాదు లెండి.

ఎ4 కాగితం కంటే పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు. పులిహోర డబ్బా స్టేషన్ బయట బెంచీ మీదే ఖాళీ చేశాం. అది చాలదని మావాడు దారిలో ఓ బండి దగ్గర చిప్స్ కొనిపించాడు. పేరెందుకు గానీ, ఆ చిప్స్ తిన్నాక మా పులిహోర విలువ వాడికి మొదటిసారి తెలిసింది.

స్టేడియం బయట ఎర్రటి ఇనుప మెలికల బురుజు ఒకటి ఉంది, పేరు ఆర్బిట్, ఎత్తు 114.5 మీటర్లు. అప్పట్లో లండన్ మేయర్‌గా ఉన్న బోరిస్ జాన్సన్ ముచ్చటపడి, మన ఉక్కు వ్యాపారి లక్ష్మీ మిట్టల్‌ని ఒప్పించి కట్టించాడు. చూసేవాళ్లు తగ్గారని 2016లో దానికి 178 మీటర్ల జారుడుబల్ల తగిలించారు. జారతానని మావాడు, వద్దని నేను. చూడగానే మా నాన్న పాత సైకిల్ చెయిన్ గుర్తొచ్చింది.

లోపల కుర్చీలు శుభ్రంగా ఉన్నాయి, దారి చూపించేవాళ్లు మర్యాదగా ఉన్నారు, ఆడవాళ్ల టాయిలెట్ దగ్గర క్యూ లేదు. ఇండియాలో ఏ స్టేడియంలోనూ నాకు ఈ మూడూ ఒకేరోజు దొరకలేదు. ఆట మొదలయ్యేముందు యంత్రాల్లోంచి సబ్బు బుడగలు వదులుతారు. 62,500 మంది పట్టే చోట పెద్ద పెద్ద మీసాల వాళ్లు బుడగల కేసి చూస్తూ గొంతెత్తి క్లబ్ వాళ్ల బుడగల పాట పాడుతుంటే నాక్కూడా గొంతు పట్టేసింది. ఎందుకో అడక్కండి.

ఆట మొదటి సగంలో ఎవరూ గోల్ కొట్టలేదు. నాకు అదే మంచిదైంది, ఎందుకంటే అసలు మ్యాచ్ నా పక్కన నడిచింది. కుడిపక్క ఓ పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, మెడలో బైనాక్యులర్. ముందు వరసలో ఓ పాతికేళ్ల కుర్రాడు. నేను అమాయకంగా ఒక్క మాట అడిగాను, "బైనాక్యులర్ ఎందుకండీ?" అని. అంతే, అరగంట నడిచింది.

పిచ్ చుట్టూ మెరూన్ రంగు బట్ట పరిచి ఉంటుంది. దాని కింద ఉన్నది పరుగుపందాల ట్రాక్. 2005లో సింగపూర్‌లో ఒలింపిక్స్ అడిగి తెచ్చుకున్నప్పుడు, ఆటలయ్యాక కూడా ట్రాక్ ఉంచుతామని మాటిచ్చారు. 80,000 మందికి కట్టి, తర్వాత పై భాగం విప్పేసి 25,000 మందికి కుదిద్దామన్నది మొదటి ఆలోచన. ఫుట్‌బాల్ లెక్కలోనే లేదు. 2012 వచ్చింది, వెళ్లింది, ఇంత పెద్ద గిన్నె ఎవరికివ్వాలన్నది అప్పుడు మొదలైంది. (మాకిది కొత్తేం కాదు. ఆఫ్రో-ఏషియన్ ఆటలకి 2003లో ముస్తాబైన గచ్చిబౌలిని ఆ తర్వాత ఖాళీగా చూసినవాళ్లమే.) 2011లో వెస్ట్ హామ్‌కి ఇవ్వబోతే టోటెన్‌హామ్, లేటన్ ఓరియంట్ అనే వేరే లండన్ క్లబ్బులు కోర్టుకెళ్లాయి, ఆ బేరం చెడింది. 2013లో మళ్లీ బేరం కుదిరింది. పైకప్పు కొత్తగా వేశారు, కింది వరస కుర్చీలు ముందుకీ వెనక్కీ జరిగేలా పెట్టారు. అలా జరిపినా గోల్‌పోస్టు వెనకాల కూర్చున్నవాళ్లకి ఆట దూరమేనన్నది అభిమానులు 2016 నుంచీ చెప్తున్న మాట. అందుకే బైనాక్యులర్. బొలీన్ గ్రౌండ్‌లో కార్నర్ కొట్టేవాడి చెవిలో తిట్టొచ్చట, "ఇక్కడ వాడికి ఉత్తరం రాయాలి" అన్నాడు పెద్దాయన.

ఇక డబ్బు. కట్టడానికి 42.9 కోట్ల పౌండ్లు, మార్చడానికి 32.3 కోట్లు. మార్చిన ఖర్చులో క్లబ్ ఇచ్చింది 1.5 కోట్లు. అద్దె మొదట ఏడాదికి 25 లక్షలు, ధరలతో పాటు కాస్త పెరుగుతుంది, అగ్రిమెంటు 99 ఏళ్లకి. ఈ సంగతి ప్రజలకి తెలియకూడదని దాచారు కూడా. వేరే వేరే క్లబ్బుల అభిమాన సంఘాలు కలిసి సమాచార హక్కు కింద పోరాడితే 2016 ఏప్రిల్‌లో కాగితం బయటపడింది. అందులో ఏముందంటే, మ్యాచ్ రోజు సెక్యూరిటీ, కరెంటు, పిచ్ బాగోగులు, ఆఖరికి గోల్‌పోస్టులు, మూలనుండే కార్నర్ జెండాల ఖర్చు కూడా స్టేడియం వాళ్లదే. అంటే జనానిదే.

నాకు చెయ్యి ఊరుకోదు. ఫోన్‌లో లెక్కేశాను. 25 లక్షల్ని 62,500తో భాగిస్తే కుర్చీకి ఏడాదికి 40 పౌండ్లు. ఏడాది మొత్తానికి! నేను ఒక్క పూటకి కట్టింది అంతకంటే ఎక్కువ (ఏవండీ, ఈ వాక్యం వదిలేయండి). ఆ జూలైలోనే క్లబ్ తమ ఆటగాడు డెక్లన్ రైస్‌ని ఆర్సెనల్ క్లబ్‌కి పది కోట్లకి అమ్మారు, పైన వచ్చే యాభై లక్షలు పక్కన పెట్టినా. మొదటి రేటున నలభై ఏళ్ల అద్దె ఒక్క కుర్రాడి కాళ్లలో వచ్చేసింది. ఇక ఆ జరిగే కుర్చీలు. జరపడానికి ఏడాదికి మూడు లక్షలవుతుందని అంచనా వేశారు, తీరా చూస్తే 80 లక్షలు. అద్దెకి మూడు రెట్లు కుర్చీలు జరపడానికే! ఇలాంటి బడ్జెట్ నేను మా ఆఫీసులో పెడితే మా మేనేజర్ ముందు నన్ను జరుపుతాడు.

కుర్రాడు ఒప్పుకోలేదు. "మాకు చవగ్గా వస్తే మాదా తప్పు? జూన్‌లో ప్రాగ్‌లో యూరప్ కప్పు గెలిచాం. 35,000 మంది పట్టే ఆ పాత మైదానంలోనే ఉండుంటే గెలిచేవాళ్లమా?" అన్నాడు. పెద్దాయన బైనాక్యులర్ దించకుండానే, "కప్పు గెలిచింది బోవెన్ కాలు. ఈ గిన్నె కాదు," అన్నాడు. (ఆ ఫైనల్లో గెలుపు గోల్ కొట్టింది బోవెన్.) 2018 మార్చిలో బర్న్‌లీ చేతిలో మూడు గోల్స్‌తో ఓడిన రోజు ఆయన ఇక్కడే ఉన్నాడట. జనం పిచ్ మీదకి దూకారు, ఒకడు కార్నర్ జెండా పీక్కొచ్చి సరిగ్గా నడిమధ్యలో పాతాడు, యజమానుల మీద నాణేలు పడ్డాయి. ఆ జెండా ఖర్చు ఎవరిదో ఇందాకే చెప్పాను కదా. నా జెండా అది.

ఇద్దరికీ ఒక్కచోట కుదిరింది, నాయకుల దగ్గర. ఒప్పందం చేసుకున్నప్పుడు మేయర్ జాన్సన్, కన్సర్వేటివ్ పార్టీ. భాగస్వామిగా నాలుగు కోట్లు పెట్టిన న్యూహామ్ కౌన్సిల్ లేబర్ పార్టీ వాళ్లది. 2017లో కౌన్సిల్ తప్పుకుంది, ఆ డబ్బుకి నీళ్లొదులుకుంది. ఆ ఏడాది డిసెంబర్‌లో, కొత్త మేయర్ సాదిక్ ఖాన్ మూర్ స్టీఫెన్స్ అనే అకౌంట్స్ సంస్థ చేత వేయించిన నివేదిక ఏడాదికి రెండు కోట్ల పౌండ్ల నష్టం తప్పదని తేల్చింది. ఆయన స్టేడియాన్ని తన అదుపులోకి తీసుకున్నాడు. నష్టం కూడా దాంతోపాటే వచ్చింది.

"రిబ్బన్ కత్తిరించడానికి అందరూ వస్తారమ్మా, బిల్లు వచ్చిన రోజు ఎవడూ ఊళ్లో ఉండడు," అన్నాడు పెద్దాయన. కుర్రాడు వెనక్కి తిరిగి డేవిడ్ కామెరాన్ సంగతెత్తాడు. తాను ఆస్టన్ విల్లా అభిమానినని చెప్పుకునే అప్పటి ప్రధాని, 2015 ఎన్నికల ప్రసంగంలో మీరంతా వెస్ట్ హామ్ అభిమానులైతే బాగుండునన్నాడు. రెండు టీమ్‌లదీ మెరూన్, నీలం చొక్కానే. బుర్ర పనిచెయ్యలేదని తర్వాత సర్దుకున్నాడు. మా వరసంతా నవ్వింది. మావాడు మాత్రం నవ్వలేదు. "అమ్మా, సొంత టీమ్ ఎవరైనా మర్చిపోతారా?" అని నిజంగానే అడిగాడు. మీ తాతయ్య పార్టీ మారిన ఎమ్మెల్యేల గురించి చెప్తాడులే అన్నాను.

ఇంటర్వెల్‌లో తెనాలికి ఫోన్ చేశాను. మారీస్‌పేటలో మా నాన్నకి రెండు పోర్షన్లు అద్దెకున్నాయి, ఇలాంటి కేసులంటే ఆయనకి ప్రాణం. మొత్తం చెప్పాను.

"అడ్వాన్సు ఎంతిచ్చారమ్మాయ్?"

"కోటిన్నర నాన్నా. రిపేర్లకి ముప్పై రెండు కోట్లు."

"కరెంటు?"

"మనదే."

"వాచ్‌మన్ జీతం?"

"అదీ మనదే. టీమ్ కింది డివిజన్‌కి పడిపోతే అద్దె సగానికి తగ్గుతుంది కూడా."

కాసేపు ఫ్యాన్ చప్పుడు మాత్రమే వినపడింది. "ఆ అగ్రిమెంటు రాసిన ప్లీడరెవరో కనుక్కో. మన కింది పోర్షన్ వాడికి ఆయన నంబరు దొరక్కుండా చూడాలి," అన్నాడు.

రెండో సగంలో 72వ నిమిషంలో బోవెన్, 78లో కుడుస్ గోల్ కొట్టారు. వెస్ట్ హామ్ 2-0తో గెలిచింది. రెండో గోల్‌కి పెద్దాయన నా భుజం పట్టుకుని ఊపేశాడు, బైనాక్యులర్ నా మోచేతికి తగిలి కమిలింది. బొలీన్‌లో ఆఖరి మ్యాచ్ కూడా ఈ యునైటెడ్ మీదేనట, 3-2తో గెలిచారట. చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు, చలిగాలి వల్లనే అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకి: కింది వరసల్లో మధ్యగీతకి దగ్గరగా దొరికితే కొనండి, గోల్ వెనకాల అయితే పెద్దాయన పద్ధతి పాటించండి. మందపాటి సాక్సులు తప్పనిసరి. ఆటయ్యాక స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్ దాకా మనుషుల్ని గుంపులుగా ఆపి, "ఆగండి", "పదండి" అని బోర్డులు తిప్పుతూ వదులుతారు. తిరుమల కంపార్ట్‌మెంట్లు చూసిన మనకి అదో లెక్క కాదు, అక్కడి ఇంగ్లీషువాళ్లు మాత్రం విలవిల్లాడారు. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆటకి నాలుగు, అగ్రిమెంటుకి సున్నా. సగటు సరిపోలేదంటారా, బుడగలకి కలిపాను.

తిరుగు రైల్లో అప్టన్ పార్క్ రాగానే మెరూన్ మఫ్లర్లు కట్టుకున్నవాళ్లు పది పన్నెండుమంది దిగిపోయారు. "అమ్మా, ఇక్కడ గ్రౌండ్ లేదు కదా, ఎందుకు దిగుతున్నారు?" అన్నాడు మావాడు.

"ఆకలేసి ఉంటుంది నాన్నా, మాంసం కూరిన 'పై' తినడానికి," అన్నాను.