హార్న్ స్పీకర్లకు డీఎస్పీ క్రాసోవర్: ఏళ్లపాటు వాడాక తేలినవి

ముందే తేల్చి చెబుతాను. పాత సినిమా హాళ్ల తరహా, బూర ఆకారపు హార్న్ ఉన్న స్పీకర్లకు డీఎస్పీ క్రాసోవర్ పెట్టుకుంటే లాభమే. కింది స్వరాలను ఒక డ్రైవరుకు (శబ్దం పుట్టించే భాగానికి), పై స్వరాలను ఇంకోదానికి పంచేది క్రాసోవర్; ఆ పనిని అంకెల లెక్కలతో చేసే పెట్టె డీఎస్పీ, అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్. అయితే ఆ లాభం అమ్మేవాళ్లు ఊదరగొట్టే ఈక్వలైజర్ (కావలసిన చోట స్వరాలను పెంచి తగ్గించే సౌకర్యం) వల్ల వచ్చేది కాదు. రెండు డ్రైవర్లలో ఒకదాని శబ్దాన్ని ఒక మిల్లీసెకను ఆపి వదిలే సౌకర్యం ఉంది చూడండి, పెట్టిన డబ్బుకు అదొక్కటే న్యాయం చేస్తుంది. మిగతా పనుల్లో సగం పదుల రూపాయల్లో దొరికే రెసిస్టర్లు, కెపాసిటర్లు ఇప్పటికీ దానికంటే బాగా చేస్తాయి. డీఎస్పీ వచ్చింది కదా అని వాటిని పీకి పారేయమనే సలహాలు చాలా విన్నాను. పారేయకండి.

మాది కడప. పాత ఇల్లు, మందపాటి గోడలు, నేలంతా నల్ల బండలు. హాలు పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్ల పైచిలుకు. ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ 1940లలో థియేటర్ల కోసం తెచ్చిన ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ స్పీకర్ల స్ఫూర్తితో ఇక్కడి వడ్రంగి చేత పెట్టెలు కట్టించుకున్నాను. కింది స్వరాలకు 15 అంగుళాల వూఫరు, పై స్వరాలకు పోత పోసిన అల్యూమినియం హార్న్, దాని వెనక అంగుళం గొంతు ఉన్న కంప్రెషన్ డ్రైవరు (డయాఫ్రం అనే పలుచటి పొరతో హార్న్‌లోకి శబ్దం పంపేది). 800 హెర్ట్జ్ దగ్గర రెండూ పని పంచుకుంటాయి. వూఫర్లను ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్, హార్న్‌లను చిన్న వాల్వు యాంప్లిఫయర్ నడుపుతాయి. డీఎస్పీ రెండు ఇన్‌పుట్లు, నాలుగు ఔట్‌పుట్లు, 96 కిలోహెర్ట్జ్ వేగం (శబ్దాన్ని సెకనుకు 96 వేల సార్లు కొలుస్తుంది) ఉన్న చిన్న పెట్టె. పేరు చెప్పను. ఈ తరగతి పెట్టెలు దాదాపు అన్నిటికీ నా మాటలు వర్తిస్తాయి.

ఇక ఆలస్యం సంగతి. హార్న్ మూతి వూఫరుతో సమానంగా పెట్టె ముందు అంచున ఉన్నా, శబ్దం పుట్టే డయాఫ్రం ఎక్కడో వెనక ఉంటుంది. నా స్పీకర్లలో ఆ తేడా 38 సెంటీమీటర్లు. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 349 మీటర్లు పోతుంది కాబట్టి, హార్న్ శబ్దం వూఫరు శబ్దం కంటే 1.09 మిల్లీసెకన్లు వెనకగా చెవిని చేరుతుంది. కాయిళ్లు, కెపాసిటర్లతో కట్టిన మామూలు క్రాసోవర్ దీన్ని తీర్చలేదు. హార్న్‌ను ముందుకు జరిపితే తీరుతుంది గానీ, అది అడుగుకు పైగా బయటికి పొడుచుకొస్తుంది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, తలకు తగలకుండా మనమూ నడవాలి.

ఈ సమస్య ఇప్పటిది కాదు. 1930ల మధ్యలో హాలీవుడ్ ఎం.జి.ఎం. స్టూడియోలో టాప్ డాన్స్ (బూట్లతో నేల మీద టకటక కొడుతూ చేసే నాట్యం) వినిపిస్తే ఒక్కో అడుగు చప్పుడు రెండు చప్పుళ్లుగా వచ్చింది. అప్పటి బాస్ హార్న్‌ల లోపలి దారి చాలా పొడవు, పై హార్న్‌ల దారి పొట్టి. రెంటికీ అడుగుల లెక్కన తేడా. ఆ స్టూడియో శబ్ద విభాగాధిపతి డగ్లస్ షియరర్ ఆధ్వర్యంలో జాన్ హిల్లియర్డ్ తదితరులు ఆ తేడాను చెవికి అందనంతకు తగ్గించి కొత్త థియేటర్ స్పీకర్ తయారుచేశారు. ఆల్టెక్ స్పీకర్లు ఆ వంశంలోనివే. అంటే ఈ స్పీకర్లు పుట్టిన నాటి నుంచే కాలాన్ని సరిచేయడం వాటి కథలో భాగం. హార్న్‌కు డీఎస్పీ పెట్టడం అపచారమనే పాత పరికరాల భక్తులకు నేను చెప్పే జవాబు ఇదే. వాళ్లు వడ్రంగంతో చేసింది మనం లెక్కలతో చేస్తున్నాం.

నా 38 సెంటీమీటర్లకు చప్పుడు రెండుగా చీలదు. మృదంగం కుడివైపు వేలి దెబ్బ కాస్త మొద్దుబారుతుంది, అంతే. వూఫరుకు ఆలస్యం పెట్టాక తోలు మీద దెబ్బ ఎక్కడ పడిందో చూపించగలం అన్నట్టు వినిపిస్తుంది. తంబూరాలో, వయొలిన్‌లో నాకు చెప్పుకోదగ్గ తేడా తెలియలేదు. చప్పట్లలో మాత్రం బాగా తెలిసింది. పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ ఎదురుగా కూర్చుని విన్న చెవులకు పది మంది చప్పట్లు ఎలా పగలాలో తెలుసు. ముందు నా స్పీకర్లలో అవి కాగితం నలిపినట్టుండేవి, ఇప్పుడు అరచేతులే.

ఎంత ఆలస్యం పెట్టాలో తేల్చుకోవడానికి కొలతల మైకు ఒకటి, ‘రూమ్ ఈక్యూ విజార్డ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. ఆక్టేవ్‌కు (స్వరం రెట్టింపు లేదా సగం అయ్యేలోపు) 24 డెసిబెల్స్ వాలే లింక్‌విట్జ్-రైలీ రకం ఫిల్టర్లు పెట్టి, డీఎస్పీలో హార్న్ పోలారిటీ (ప్లస్, మైనస్‌లు) తిరగేయాలి. అప్పుడు 800 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సాఫ్ట్‌వేరు గీసే గీతలో గుంట పడుతుంది. ఆలస్యాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ గుంట అత్యంత లోతుగా పడే చోట ఆగి, పోలారిటీని మళ్లీ మామూలుగా పెట్టేయాలి. 96 కిలోహెర్ట్జ్ పెట్టెలో ఒక్కో మెట్టు మిల్లీసెకనులో వందో వంతు. చెవితో అయితే అన్ని మెట్లు అక్కర్లేదు.

ఈ పద్ధతిలో ఒక మోసం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 800 హెర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికి 1.25 మిల్లీసెకన్లు పడుతుంది. నా తేడా 1.09, అంటే ఇంచుమించు ఒక చుట్టు. అందుకే అసలు ఆలస్యమే పెట్టకపోయినా విభజన దగ్గర గీతలో ఒక డెసిబెల్ లోపే లోటు కనిపిస్తుంది. చూసి, అంతా బాగుంది కదా అనుకుంటాం. పైగా వూఫరును వదిలేసి హార్న్‌కే 0.16 మిల్లీసెకన్లు ఆలస్యం పెడితే చక్కటి లోతైన గుంట పడుతుంది. నిజానికి అప్పుడు హార్న్ సరిగ్గా ఒక చుట్టు వెనకబడి ఉంది. నకిలీ గుంట సన్నగా ఉంటుంది, దాని పక్కల గీత ఎగుడుదిగుడుగా పోతుంది. అసలు గుంట కొంచెం వెడల్పు, రెండు వైపులా ఒకే తీరున ఎక్కుతుంది. అనుమానముంటే టేపు తీసుకుని డయాఫ్రం నుంచి వూఫరు కోను దాకా కొలవండి. టేపు చెప్పిన లెక్కకు దగ్గరగా ఉన్న గుంటే అసలుది. కంప్యూటర్ తెర మీద గీత కంటే ఈ విషయంలో నాకు టేపు మీదే నమ్మకం.

వేసవిలో ఆలస్యం మార్చాలా అని ఒక మిత్రుడు అడిగాడు. ప్రశ్న మంచిదే, కడప ఎండ అలాంటిది. గది 20 డిగ్రీల నుంచి 38కి పోతే నా 38 సెంటీమీటర్లకు తేడా 0.03 మిల్లీసెకన్లు, 800 హెర్ట్జ్ దగ్గర పది డిగ్రీల ఫేజ్ (అల తిరిగే ఒక చుట్టు 360 డిగ్రీలు) లోపే. మేలో మార్చాల్సింది కర్టెన్లు మాత్రమే.

ఇక చేదు కబురు. కంప్రెషన్ డ్రైవరు ఒక వాట్‌కు, మీటరు దూరంలో 108 డెసిబెల్స్ ఇస్తుంది, వూఫరు 98. ఆ పది డెసిబెల్స్ డీఎస్పీలోనే తగ్గించేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. లోపల సంగీతం తగ్గుతుంది గానీ, పెట్టె ఔట్‌పుట్‌లో ఎప్పుడూ ఉండే సన్నటి రొద తగ్గదు. రాత్రి వీధి సద్దుమణిగాక, పాటకూ పాటకూ మధ్య హార్న్‌లో నుంచి ‘సుయ్’ అని వస్తుంది. మామూలు ఇంటి స్పీకర్లలో వినపడని రొద ఇక్కడ మూడు మీటర్ల దూరానికి వినపడుతుంది. మందు చాలా పాతది. డ్రైవరు ముందు వరసలో 5.6 ఓముల రెసిస్టరు, డ్రైవరుకు అడ్డంగా 3.9 ఓములది. ఎనిమిది ఓముల డ్రైవరు మీద ఇవి సంగీతాన్నీ రొదనూ కలిపి పది డెసిబెల్స్ దించుతాయి. యాంప్లిఫయర్‌కు లోడు ఎనిమిది ఓముల దగ్గరే ఉంటుంది. పది వాట్ల వైర్‌వౌండ్ రకం కొన్నాను. ఏడు రోడ్ల కూడలి దగ్గర్లోని విడిభాగాల దుకాణంలో కొన్నవాటి బిల్లు ఒక కాఫీ ఖర్చు కంటే ఎక్కువ కాలేదు.

రెండోది కెపాసిటరు. డీఎస్పీ పెట్టాక యాంప్లిఫయర్ తీగ నేరుగా డ్రైవరుకే పోతుంది, మధ్యలో అడ్డేమీ ఉండదు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ పాడై డీసీ (ఒకే దిక్కుగా పారే కరెంటు) వదిలితే, ఆ పలుచటి డయాఫ్రం నిలవదు. వాల్వు యాంప్లిఫయర్‌లో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి డీసీ భయం లేదు. కానీ కింది స్వరాలన్నీ హార్న్‌కు పోయే ప్రీసెట్ (డీఎస్పీలో ముందే దాచుకున్న అమరిక) పొరపాటున ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ కాపాడదు. 47 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి వరసలో వేస్తే ఎనిమిది ఓముల మీద 420 హెర్ట్జ్ దగ్గర నుంచి కిందికి తగ్గించడం మొదలుపెడుతుంది. అది చేసే కొద్దిపాటి ఫేజ్ మార్పుతో సహా కొలుచుకుంటే చాలు. కెపాసిటరు శబ్దాన్ని పాడుచేస్తుందనే శుద్ధవాదులు కొత్త డయాఫ్రం ధర అడిగి తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది.

కరెంటు కూడా చూసుకోవాలి. పోయిన కరెంటును ఇన్వర్టరు అందుకునే రెప్పపాటులో డీఎస్పీ ఆగి మళ్లీ మొదలవుతుంది, అప్పుడు హార్న్‌లో ‘టప్’ మంటుంది. యాంప్లిఫయర్లు కొన్ని సెకన్లు ఆగి వెలిగేలా చిన్న టైమర్ రిలే పెట్టించాక ఆ బాధ పోయింది. ఎప్పుడైనా డీఎస్పీ ముందు వెలగాలి, యాంప్లిఫయర్ చివర. ఆర్పేటప్పుడు తలకిందులు.

ఈక్వలైజర్‌ను నేను మూడు చోట్లకు మించి ముట్టుకోలేదు. డ్రైవరు 10 కిలోహెర్ట్జ్ దాటాక వాలిపోతుంది, అక్కడ కొంచెం ఎత్తు. హార్న్ మధ్యలో ఒక గుబ్బ, అక్కడ కొంచెం తగ్గింపు. హాలు వెడల్పు వల్ల 42 హెర్ట్జ్ దగ్గర గది మోగుతుంది, అక్కడ ఐదు డెసిబెల్స్ కోత. గుంటలను మాత్రం పూడ్చబోవద్దు. నేల నుంచి తిరిగొచ్చిన శబ్దం అసలు శబ్దాన్ని కొట్టేసే చోట ఆరు డెసిబెల్స్ ఎత్తితే యాంప్లిఫయర్ నాలుగింతల శక్తి ఖర్చు పెడుతుంది, ఎత్తిన కొద్దీ ప్రతిధ్వనీ పెరుగుతుంది, గుంట గుంటలాగే ఉంటుంది. బండల నేల మీద స్పీకర్లకూ కుర్చీకీ మధ్య మందపాటి జంపఖానా పరిచాక, అంతకుముందు పెట్టుకున్న ఫిల్టర్లు రెండు తీసేశాను. హార్న్ లోహపు మోతకు కూడా డీఎస్పీలో మందు లేదు. వేలితో కొడితే మోగే హార్న్ పాట మీద కూడా మోగుతుంది. కార్ల తలుపుల లోపల అంటించే తారు షీట్లు తెచ్చి హార్న్ బయటి వైపంతా అంటించాను. చూడ్డానికి వికారంగా ఉంది, వినడానికి బాగుంది.

ప్రీసెట్లు ఎక్కువగా పాత మోనో పాటలకు ఉపయోగపడుతున్నాయి. సినిమా హాళ్లలో పై స్వరాలను బాగా తగ్గించి వినిపించే పద్ధతి 1938లో అమెరికాలో ‘అకాడమీ కర్వ్’ పేరుతో ప్రమాణంగా స్థిరపడింది, దశాబ్దాల పాటు నడిచింది. ఘంటసాల గొంతును అప్పటి హాళ్లలో విన్నవాళ్ల చెవుల్లో ఉన్నది ఆ మెత్తదనమే. అంత కోత పెట్టలేదు గానీ, 5 కిలోహెర్ట్జ్ పైన నెమ్మదిగా వాలే ప్రీసెట్ ఒకటి పెట్టుకున్నాను. రికార్డుల గీరుడు తగ్గుతుంది, గొంతు ముందుకొస్తుంది. రేడియోల రోజుల నుంచి మెకానిక్ పనిలో ఉన్న ఒక పెద్దాయన వచ్చి విన్నారు. “రికార్డు శబ్దాన్ని అంకెలుగా మార్చేస్తే ఇంక అందులో ఏముంటుంది నాయనా?” అని మొదలుపెట్టారు. మామూలు స్పీకర్ల ముందు, ఫిల్టర్లూ ఆలస్యమూ ఏమీ లేకుండా, పెట్టెను మధ్యలో ఉంచీ, తీసీ, ఏది ఏదో చెప్పకుండా రెండు రకాలుగానూ వినిపించాను. ఏది ఏదో ఆయన కనిపెట్టలేకపోయారు. “సరేలే, మృదంగం మళ్లీ పెట్టు” అన్నారు.

నాకు నచ్చనిది సాఫ్ట్‌వేరు. చిన్న మార్పుకు కూడా కంప్యూటర్ తెచ్చి, తీగ తగిలించి, ప్రోగ్రాం తెరవాలి. పాత క్రాసోవర్ చెడితే ఊళ్లో ఏ మెకానిక్ అయినా రెసిస్టరు మీది రంగులు చదివి కొత్తది వేస్తాడు. ఈ పెట్టె చెడితే లోపలి ఫైలు చదివేవాడు లేడు. అందుకని విలువలన్నీ కాగితం మీద రాసి పెట్టె వెనక అంటించాను: విభజన, వాలు, ఆలస్యం, రెసిస్టర్లు, అన్నీ.

ఖర్చు విషయానికొస్తే, డీఎస్పీ ధర ఒక్కటే చూసి లెక్క వేసుకోవద్దు. ఇంకో యాంప్లిఫయర్, కొలతల మైకు, తీగలు కలిపితే మంచి రాగి కాయిళ్లతో కట్టిన మామూలు క్రాసోవర్ కంటే ఎక్కువే అవుతుంది. మీ హార్న్ పొట్టిదైతే, వూఫరుకూ దానికీ నాలుగు వేళ్ల తేడానే ఉంటే, ఈ ఖర్చు దండగ. పొడవాటి హార్న్ ఉన్నవాళ్లు కొనేముందు ఒక సాయంత్రం పాత క్రాసోవర్‌తోనే, హార్న్ పెట్టె మీద విడిగా ఉంటే దాన్ని జాగ్రత్తగా ముందుకు జరిపి, పడకుండా ఎవరినైనా పట్టుకోమని, మృదంగమో చప్పట్లో విని చూడండి. తేడా వినపడకపోతే డీఎస్పీతోనూ వినపడదు.