గాలికి గారె కాలుద్దా? మా ఎయిర్ ఫ్రయర్‌తో మూడేళ్లు

2022 దసరా సేల్‌లో ఎయిర్ ఫ్రయర్ కొన్నప్పుడు మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఇల్లు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకు చోటుండని వంటగది. పెట్టె విప్పి గట్టు మీద పెట్టగానే అమ్మ దాన్ని అటూ ఇటూ చూసి, "నూనె ఎక్కడ పొయ్యాలే?" అంది. నూనె పోయక్కర్లేదు, వేడిగాలికే వేగుతుందన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "గాలికి గారె కాలుద్దా అమ్మాయ్?" అంది.

మూడేళ్లు దాటాక చెప్తున్నా, కాలదు. అయినా ఆ యంత్రం మా ఇంట్లో వారానికి ఐదు రోజులు తిరుగుతూనే ఉంది.

పేరులో ఫ్రయర్ ఉంది కాబట్టి నూనె లేని మూకుడు అనుకుంటాం. చిక్కంతా అక్కడే. నిజానికి ఇది చిన్న ఓవెన్. పైన కరెంటుతో వేడెక్కే కాయిల్, దాని మీద ఫ్యాన్, కింద చిల్లుల బుట్ట. ఫ్యాన్ గాలిని పైకి లాగి, కాయిల్ దగ్గర కాగిన గాలిని బుట్ట గోడల వెంట కిందికి తోస్తుంది. ఆ గాలి అడుగున ఉన్న చిల్లుల్లోంచి మళ్లీ పైకి లేచి ముక్కల సందుల్లోంచి పోతుంది. బేకరీల్లో ఉండే కన్వెక్షన్ ఓవెన్ చేసేదీ ఇదే. కాకపోతే ఇక్కడ గది ఇరుకు, గాలి జోరు ఎక్కువ. 2010లో ఫిలిప్స్ వాళ్లు బెర్లిన్‌లోని ఐఎఫ్ఏ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో దీన్ని బయటపెట్టి ఎయిర్‌ఫ్రయర్ అన్నారు. ఆ తర్వాత ఎవరు తయారుచేసినా జనం నోట అదే పేరు. చిన్న ఓవెన్ అని పెట్టుంటే అమ్మ ఆ ప్రశ్న అడిగేదే కాదు.

దొండకాయ ముక్క మీద తడి ఉన్నంతసేపూ ఆ పైభాగం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. తడి ఆవిరయ్యాకే ఇంకా పైకి ఎక్కుతుంది. 140 ప్రాంతంలో ఎర్రబడటం, ఆ వేపుడు వాసన రావడం మొదలవుతాయి. మామూలు ఓవెన్‌లో ముక్క చుట్టూ దాని ఆవిరే దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. ఇక్కడ ఫ్యాన్ ఆ దుప్పటిని ఎప్పటికప్పుడు లాగేస్తుంటుంది. మొదట తడి ఆర్చడం, ఆ తర్వాత కాల్చడం, దీని పని అంతే. ఏం వండాలన్నా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒక్కటే, దీని పైన తడి ఆరితే బాగుంటుందా, చెడుతుందా?

గారె చెడుతుంది. నూనె 180 డిగ్రీల మీద కాగుతున్నప్పుడు పిండి పడీపడగానే చుట్టూ ఒకేసారి పట్టుకుని పైపొరను బిగించేస్తుంది. లోపలి ఆవిరి ఆ పొరను ఉబ్బిస్తుంది. గాలికి అంత వేడిని అంత తొందరగా మోసే శక్తి లేదు. 200 డిగ్రీల ఓవెన్ తలుపు తీసి లోపల ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీసేయొచ్చు. కాగిన నూనెలో వేలి కొస ముంచగలమా?

అమ్మ ఊరుకోలేదు. పప్పు నానబోసి గట్టిగా రుబ్బి, పైన నూనె రాసి, బుట్టలో బేకింగ్ కాగితం పరిచి నాలుగు గారెలు పెట్టింది. 180లో పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పింది. బయటికి వచ్చినవాటి పైన ఎండిన చెరువులా బీటలు, లోపల ఇడ్లీ. ఒకటి విరిచి చూసి, నావైపు కూడా చూడకుండా నాలుగింటినీ పెరుగులో వేసేసింది. ఆవడలుగా బాగానే తిన్నాం. తర్వాత నేను బజ్జీలు ప్రయత్నించాను. జారుపిండి చిల్లుల్లోంచి కిందికి కారి గట్టిపడింది. అరటికాయ ముక్కలు బోడిగా మిగిలాయి, కడగడానికి అరగంట పట్టింది. పూరీ అప్పడమైంది. ఇక ఆ జోలికి పోలేదు.

దొండకాయ దగ్గర మాత్రం అమ్మ మెత్తబడింది. అరకిలో దొండకాయల వేపుడంటే బాండీలో నాలుగైదు గరిటెల నూనె, ముప్పావుగంట పొయ్యి దగ్గర నిలబడటం. ఇందులో రెండు టీస్పూన్ల నూనె, ఉప్పు, పసుపు కలిపి 180లో ఇరవై నిమిషాలు. రెండుసార్లు బుట్ట లాగి కుదపాలి. కారం, వెల్లుల్లి ఆఖరి రెండు నిమిషాల్లోనే వేయాలి, ముందే వేస్తే కారం మాడి ఇల్లంతా దగ్గు. బెండకాయ ఇంకా నయం, ఒక్క జిగురు తీగ ఉండదు. బెండకాయల్ని కడిగాక గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే కోయాలన్నది అమ్మ నియమం. ఆ నియమం ఈ యంత్రానికీ అతికినట్టు సరిపోయింది.

నూనె పూర్తిగా మానేస్తే మాత్రం ముక్కలు వడిలి తోలులా అవుతాయి. ఆ రెండు స్పూన్ల నూనె ముక్కంతా పరుచుకుని వేడిని సమంగా పట్టిస్తుంది. నూనె లేకుండానే వేపుళ్లు అని ప్రకటనల్లో చెప్పేది నమ్మి మొదటి వారం నేను చేసినవి మా ఆయన మర్యాదకు తిన్నాడు, మా అబ్బాయికి ఆ మర్యాద కూడా లేదు.

ఆలుగడ్డ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సగం మంది దీన్ని కొనేదే ఫ్రెంచ్ ఫ్రైస్ కోసం. దుకాణంలో దొరికే గడ్డకట్టిన ఫ్రైస్‌ను ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేయించి పంపుతారు. అవి కరకరలాడితే గొప్ప మన యంత్రానిది కాదు. పచ్చి ఆలుగడ్డ అయితే వేలి మందంలో కోసి, అరగంట చల్లనీళ్లలో ఉంచి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టాలి. నానితే పైనున్న పిండి, చక్కెర కొంత పోతాయి. 180లో పదిహేను నిమిషాలు, చివర 200లో ఐదు. బంగారు రంగు రాగానే తీసేయాలి, ముదురు గోధుమరంగు దాకా ఉంచకూడదు. పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటి కాలేటప్పుడు ఆక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. క్యాన్సర్ అనుమానితాల్లో అదొకటి. నూనెలో వేయించినా, గాలిలో కాల్చినా మాడేకొద్దీ అది పెరుగుతుంది. ఆలుగడ్డల్ని ఫ్రిజ్‌లో పెడితే వాటిలో చక్కెర పెరిగి ఇంకా తొందరగా నల్లబడతాయి. మా ఇంట్లో అవి ఉల్లిపాయలకు దూరంగా విడి బుట్టలో, బయటే ఉంటాయి.

వంజరం ముక్కలకు మసాలా పట్టించి 180లో పన్నెండు నిమిషాలు పెడితే పెనం మీద చేసినదానికి తొంభై పాళ్లు వస్తుంది, పైగా ఇల్లంతా నీచు వాసన పరుచుకోదు. కింది ఫ్లాట్‌లో శాకాహారులున్న అద్దె ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

కానీ నిజం చెప్పాలంటే, దీన్ని మేం ఎక్కువగా వాడేది వండటానికి కాదు, మళ్లీ వేడి చేయడానికి. వీధి చివర అయ్యంగార్ బేకరీలో సాయంత్రం కొన్న ఎగ్ పఫ్ రాత్రి తొమ్మిదికి మెత్తగా చల్లారి ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే తడిగుడ్డ అవుతుంది. ఇందులో 160లో నాలుగు నిమిషాలు పెడితే విరిచేటప్పుడు పొరలు రాలి షర్టు నిండా పడతాయి. మిగిలిపోయిన సమోసా, నిన్నటి మిర్చి బజ్జీ అన్నిటికీ ఇదే వైద్యం. మరి బాండీలో వేసిన గారెలు తెల్లారి మిగిలితే? వాటికీ ఇదే. ఈ మాట అమ్మకు చెప్తే నవ్వింది.

ఇంకొకటి, వేరుశెనక్కాయలు. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె అనే వేరుశెనక్కాయల జాతర జరుగుతుంది, వీధి పొడవునా కాయల కుప్పలే. ఏటా రెండు మూడు కిలోలు మోసుకొస్తాం. బాగా ఎండిన కాయల్ని ఒలిచి, గింజల మీద ఉప్పునీళ్లు చిలకరించి, 160లో పది పన్నెండు నిమిషాలు వేయిస్తే అన్నీ ఒకే రంగు వస్తాయి. బాండీలో నాకెప్పుడూ సగం మాడి సగం పచ్చిగా ఉండేవి.

తేలికవి మాత్రం గాలికి లేస్తాయి. కరివేపాకు లేచి కాయిల్‌కు అంటుకుని కాలింది. అప్పడం గింగిరాలు తిరిగింది, దాని మీద చిన్న స్టీలు జాలీ బరువు పెడితేగాని ఒప్పుకోలేదు. ఇక కాగితం. ఖాళీ బుట్టలో కాగితం వేసి ముందుగా వేడి చేద్దామని పెట్టాను. అది ఎగిరి కాయిల్‌కు తగిలి అంచులు నల్లబడ్డాయి, పొగ వచ్చింది. అప్పటి నుంచి మీద ముక్కలు ఉంటేనే కాగితం వేస్తాను.

కరెంటు సంగతి కొనేముందే చూసుకోవాల్సింది. మాది 1500 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల మామూలు సాకెట్‌కు, చౌక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అది ఎక్కువే. మా వంటగదిలో ఉన్న ఒక్క 16 ఆంపియర్ల సాకెట్‌ను ఫ్రిజ్ ఆక్రమించింది. మొదటి నెల ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నడిపాం. ఒక రాత్రి ప్లగ్ ముట్టుకుంటే చురుక్కుమంది, బోర్డు ప్లాస్టిక్ పసుపురంగుకు తిరిగింది. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేరే పాయింట్ పెట్టించాం. ఇంటి ఓనర్ సగం ఖర్చు ఇస్తానన్నాడు. ఇంకా అంటూనే ఉన్నాడు.

బిల్లు భయం అక్కర్లేదు. ఇరవై నిమిషాలు నడిస్తే ఎక్కువలో ఎక్కువ అర యూనిట్, నెలకు పది పన్నెండు యూనిట్లు. అయితే కర్ణాటకలో గృహజ్యోతి పథకం కింద ఉచిత కరెంటు 200 యూనిట్ల లోపే, అది దాటితే మొత్తం బిల్లు మనమే కట్టాలి. నెలకు 190 దగ్గర తిరిగేవాళ్లకు ఆ పన్నెండూ లెక్కే.

కరెంటు పోవడం ఇంకో కథ. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద ఒక్కో ఫ్లాట్‌కు ఇంత లోడని పరిమితి ఉంటుంది. ఒకసారి చికెన్ సగంలో ఉండగా కరెంటు పోయి జనరేటర్ వచ్చింది, మరుక్షణం మా ఇంట్లో అన్నీ ఆరిపోయాయి. మాది తిప్పే మీటల మోడల్, దాని టైమర్ గడియారంలా స్ప్రింగు మీద నడుస్తుంది. కరెంటు లేకపోయినా టిక్ టిక్ మంటూ నిమిషాలు తినేసి, చివర ఠంగుమని గంట కొట్టింది. లోపల చికెన్ పచ్చిగానే ఉంది. టచ్ ప్యానెల్ రకాల్లో ఈ బాధ ఉండదు, కాకపోతే చాలావాటికి కరెంటు వచ్చాక టైము, వేడి మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. తడిచేతులతో, నూనె వేళ్లతో వాడే నాకు మీటలే నయం.

కొనబోయేవాళ్లు లీటర్లు చూస్తారు, నేనూ అవే చూశాను. మాది నాలుగు లీటర్ల పైచిలుకు, గుండ్రటి బుట్ట. లోతు బాగానే ఉంది గానీ ఆ లోతు దేనికీ పనికిరాదు. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే గాలి ఆడదు, కిందివి ఉడుకుతాయి, పైవి వేగుతాయి. కావాల్సింది అడుగు వెడల్పు. మా బుట్టలో వంజరం ముక్కలు నాలుగు పడతాయి. ముగ్గురున్న ఇంటికి అది రెండు వాయిలు, చుట్టాలొస్తే నాలుగు. అదే లీటర్లలో చదరపు బుట్ట తీసుకునుంటే ఆరు పట్టేవి. కుదిరితే దుకాణానికి వెళ్లి బుట్ట బయటికి లాగి, అడుగున అరచెయ్యి ఆనించి చూడండి. రెండు అరచేతులు పక్కపక్కన పట్టకపోతే నలుగురికి చాలదు. వెనక వేడిగాలి బయటికొచ్చే చోట గోడకు జానెడు ఎడం కావాలి కాబట్టి ఇంట్లో గట్టు కూడా కొలుచుకోండి. ఫ్యాన్ ఉన్న ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసినది) ఇప్పటికే ఉన్నవాళ్లు దీనికి డబ్బు పెట్టక్కర్లేదు, కాస్త ఆలస్యంగానైనా అదే పని చేస్తుంది.

పెద్ద ఫిర్యాదు బుట్ట పూత మీద. రెండేళ్లు నిండకుండానే అడుగున గీతలు, ఆ తర్వాత గోటితో గీకితే వచ్చే పొరలు. కొంత తప్పు మాదే. పనమ్మాయి స్టీలు పీచుతో తోముతున్న సంగతి నేను మూడు నెలలు గమనించలేదు. డబ్బాల్లో వచ్చే నూనె స్ప్రే కూడా వాడాను, అందులోని లెసిథిన్ అనే పదార్థం పూత మీద జిగటగా పేరుకుని ఎంత కడిగినా పోదు. ఇప్పుడు చిన్న బ్రష్‌తో మామూలు నూనే రాస్తున్నాను. కానీ కొత్త బుట్ట అడిగితే కంపెనీవాళ్లు చెప్పిన ధర యంత్రం ధరలో మూడో వంతు, పైగా ఆ మోడల్ బుట్ట స్టాకులో లేదన్నారు. నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లూ మొదటి నుంచి కథ చెప్పించుకున్నారు. ఈసారి కొనేది విడి బుట్ట దొరుకుతుందో లేదో చూశాకే. స్టీలు బుట్ట ఉన్నది దొరికితే మరీ మంచిది, అంటుకుంటుంది గానీ నానబెట్టి తోముకోవచ్చు.

పొగ వస్తుంటే చాలామంది యంత్రం పోయిందనుకుంటారు. ప్లగ్ తీసి, చల్లారాక తలకిందులు చేసి కాయిల్ చూడండి, నూనె జిడ్డు ఎండి ఉంటుంది. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. మాది నెలకోసారి ఆదివారం మా ఆయన వంతు.

ప్రస్తుతానికి పూత లేచిన చోట కాగితం వేసి బండి నడిపిస్తున్నాం. సంక్రాంతికి అమ్మ వస్తోంది, ఆలోపు చదరపు బుట్టది ఒకటి తీసుకోవాలి. మొన్న ఫోన్‌లో ఆ మాట చెప్తే, "దొండకాయలకు కొనుక్కో. బాండీ మాత్రం అటక మీద పెట్టబాక," అంది.